రెండు జాగల కనకవ్వ

అర్రకు, అంటే తన ఒంటి గదికి, తాళం వేసి, ఒకసారి లాగి చూసి, మెట్లు దిగి, మళ్లీ పైకెక్కి ఇంకోసారి లాగి చూసిన తర్వాతే కనకవ్వ రోడ్డెక్కేది. రోజూ ఇదే వరుస. పనికి కాదు, బజారుకు కాదు, చుట్టాలింటికి అసలే కాదు. పెద్ద దవాఖాన ఎదురుగా ఎప్పుడో మూతపడ్డ సైకిల్ షాపు ఒకటి ఉంది. దాని షట్టర్ ముందు ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ పరుచుకొని, ఇనుప రేకుకు వీపు ఆనించి, పొద్దు వాలేదాకా కూర్చునేది. పొద్దు వాలినాక లేచి, ఫ్లెక్సీ చుట్టి, మీద ఇటుకలు పెట్టి అర్రకు తిరిగొచ్చేది.

ఇల్లున్న మనిషి రోడ్డు మీద కూర్చోవడం ఏం ఖర్మ అని మీరు అనుకోవచ్చు. ఎన్నడూ జాగ పోగొట్టుకోని వాళ్లకు అట్లాగే అనిపిస్తుంది.

కనకవ్వ పోగొట్టుకుంది. మరమగ్గాల ఊళ్లో పుట్టి, బుద్ధి తెలిసిన నాటి నుంచి కండెలు చుట్టి బతికింది. మొగుడు రొమ్ము నొప్పితో పోయాడు. కర్మ అయిన మర్నాడే ఇంటి ఓనరు వచ్చి, గోడలకు రంగులేయించాలి, సామాను తీయమన్నాడు. రంగులేయించడం అంటే ఏమిటో ఆమెకు అర్థమైంది. సాంచాల సేటు, అంటే ఆ మరమగ్గాల యజమాని, నీ చేతులు వణుకుతున్నయి, దారం తెగుతుందని పని బంద్ చేశాడు. మూటతో కరీంనగర్ బస్సెక్కింది. బస్టాండులో లాఠీతో లేపారు, గుడి మెట్ల మీద పూజారి లేపాడు, పార్కులో తాగుబోతులు లేపారు. చివరికి ఈ షట్టర్ ముందు నిలబడింది. పైన రేకు ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది, వాన పడదు. నల్లా దగ్గరలోనే ఉంటుంది. పక్క మందుల షాపు లైటు ఎప్పుడూ వెలుగుతుంది, చీకట్లో ఎవడూ చెయ్యి వేయడు. అటువంటి జాగ ఊరికే రాదు. దానికోసం ఒకడి తల రాయితో పగలగొట్టింది.

ఆ రోజుల్లో తోడుగా ముంతాజ్ దొరికింది. మంచిర్యాల స్టేషన్ ప్లాట్‌ఫారం మీద కొన్నేళ్లు గడిపి వచ్చిన మనిషి. రోడ్డు మీద ఒంటరి మనిషికి జాగ నిలవదు. ఒకరు నీళ్లకు పోతే ఇంకొకరు కూర్చోవాలి. ఒకరు కన్ను మూస్తే ఇంకొకరు తెరవాలి. లేచిపోతే, వెనక వచ్చి కూర్చున్నవాళ్లదే ఆ జాగ. ఏ కోర్టూ లేదు. ఇద్దరూ ఒకే కుండలో తిని, ఒకే దుప్పటి గుంజుకొని ఆ షట్టర్ ముందు కాలం గడిపారు.

తర్వాత ఒక సంస్థ వాళ్లు వచ్చారు. ఊరవతల పాత హాస్టల్ బిల్డింగుకు సున్నం వేసి, అర్రలు చేసి, రోడ్డు మీద బతికేవాళ్లకు ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఇచ్చారు. గోడకు బోర్డు పెట్టారు. ఒక స్టవ్వు, ఒక పరుపు, ఒక తాళం. తహసీన్ అనే పిల్ల వారం వారం వచ్చి ఎవరి మందులు ఎట్లున్నాయి, ఎవరి పింఛను ఎక్కడ ఆగింది అని తిరిగేది. సుధాకర్ అనే వార్డెను కింద గేటు దగ్గర కుర్చీ వేసుకున్నాడు.

మంచి జరగలేదని కనకవ్వ ఎవరి దగ్గరా అనలేదు. కాలి పుండు మానింది. దగ్గు తగ్గింది. మొదటి రోజు తలుపేసుకొని స్నానం చేస్తూ బయటికి రావడమే మరిచిపోయింది. సుధాకర్ వచ్చి తలుపు దబదబా కొట్టాడు. ఏళ్ల తర్వాత గడియ లోపలి నుంచి పడిన స్నానం అది. ముంతాజ్ అయితే పూర్తిగా మారిపోయింది. కిటికీకి పరదా కట్టింది, రంగు డబ్బాలో పుదీనా వేసింది, మిషన్ మీద పెటీకోట్లు కుట్టేది, గడప ముందు చెప్పులు విడవకపోతే లోపలికి రానిచ్చేది కాదు. ఆమె అర్ర కనకవ్వ అర్రకు గోడ అవతలే. అదే ఇబ్బంది. ఇద్దరి మధ్య ఇప్పుడు గోడ.

"మళ్లా వోతున్నవా డ్యూటీకి?" అని ముంతాజ్ రోజూ గుమ్మంలోంచి అడిగేది. "జీతం ఎంత ఇస్తున్నరే కనకా, గా షట్టరోళ్లు?"

"నోరు మూసుకో. రేపు వీళ్లు ఎల్లగొడితే నువ్వే నా ఎనుక ఉరికొస్తవు, జర జరుగవే కనకా అనుకుంట."

"నేను ఎందుకొస్త? నా అర్రల నేనే సస్త. కబ్రస్తాన్‌కు గీడికెంచే తీస్కపొమ్మని చెప్పిన."

"గది నీ అర్ర గాదు. ఆల్లది."

"తాళంచెవి ఎవల్ది?"

"బిల్డింగు ఎవల్ది?"

 ముంతాజ్ లోపలికి పోయి మిషన్ పెడలు గట్టిగా తొక్కింది.

అర్ర ఇచ్చిన కాగితం మీద రాసింది పదకొండు నెలలు. దాని తర్వాత 'చూస్తాం' అన్నారు. పెద్దవాళ్ల నోట్లోంచి వచ్చే 'చూస్తాం' అనే మాటకు రోడ్డు మీద బతికినవాళ్లకు ఒకే అర్థం తెలుసు. అందుకే కనకవ్వ మనసు ఒకచోట కుదరలేదు. అర్రలో ఉన్నంతసేపు షట్టర్ ముందు ఎవరు కూర్చున్నారో అని, షట్టర్ ముందున్నంతసేపు అర్ర తాళం ఎవరు పగలగొడుతున్నారో అని. అన్నం రెండు బుక్కలు తిని లేచేది. నడుస్తూ కూడా ఉరికేది.

ఒక గురువారం తహసీన్ ఆమె పరుపు మీద కూర్చొని మెల్లగా ఎత్తుకుంది.

"అవ్వా, శనివారం హైదరాబాద్ నుంచి మా సంస్థ పెద్దసార్ వస్తుండు. ఇల్లిచ్చినా కొందరు రోడ్డు మీదనే కూసుంటున్నరని సైకిల్ షాపు ఓనరు ఫిర్యాదు పెట్టిండు. నువ్వు జర ఇంట్ల ఉండు."

"ఇంట్లనే ఉంటున్న గద బిడ్డా."

"పగటీలి?"

"పగటీలి గాలికి వోతున్న."

"దవాఖాన ముంగట గాలి మంచిగుంటదా?" తహసీన్ నవ్వింది. వెంటనే ఆ నవ్వు పోయింది. "నవ్వులాట కాదవ్వా. రోడ్డు మీద కనబడితే, ఈమెకు ఇల్లు అక్కెర లేదంటరు. నీ అర్ర ఇంకొకలకు పోతది. గప్పుడు నా చేతుల ఏం ఉండది."

ఆ పిల్ల మంచికే చెప్పింది. రోడ్డు మీదికి పోవద్దు అన్న మాట ఒకటి, అర్ర పోతుంది అన్న మాట ఒకటి, రెండూ చెప్పింది. కనకవ్వ చెవిలో రెండోది ఒక్కటే పడింది. అర్ర పోతుంది! అయితే షట్టర్ ముందు జాగ ఇంకింత గట్టిగా పట్టుకోవాలి. మర్నాడు రోజుకన్నా ముందే తాళం వేసి బయల్దేరింది.

పోయేసరికి జాగలో మనిషి ఉంది.

బక్క ముసలిది. మోకాళ్లు గడ్డానికి ఆనించుకొని, మూట పక్కన పెట్టుకొని కూర్చుంది. కనకవ్వ ఫ్లెక్సీ విప్పి దాని మీదే కూర్చుంది. ఇటుకలు ఓ పక్కకు పేర్చి పెట్టింది.

"లెవ్వు," అంది కనకవ్వ.

ముసలిది తలెత్తి చూసింది. లేవలేదు.

"నిన్నే. లెవ్వు. గిది నా జాగ."

"నీ పేరు రాసున్నదా బాయీ?"

"పేరేందే పేరు! అడుగు, గా మందుల షాపాయనను అడుగు, కనకవ్వ జాగ ఏదో."

"నిన్న పొద్దుమీకి వచ్చిన. ఎవలు లేరు. పొద్దుగూకినంక ఎవలు పంటె వాళ్లది. నువ్వు యాడ పన్నవు?"

అది రోడ్డు కాయిదా, రోడ్డు చట్టం. కనకవ్వకు తెలిసిందే. తెలిసింది కాబట్టే ఒళ్లు మండింది. వంగి మూట అందుకొని రోడ్డు మీదికి విసిరేసింది. ముడి ఊడింది. స్టీలు గిన్నె దొర్లుతూ పోయింది, మగవాడి అంగీ ఒకటి తారు మీద పరుచుకుంది. కొద్దిలో ఆటో ఒకటి దాని మీది నుంచే పోయేది. ముసలిది చేతులడ్డం పెట్టుకుంటూ ఉరికి అంగీని లాక్కుంది. గిన్నె తర్వాత ఏరుకుంది. అంగీ దులిపి, మడతపెట్టి, తిరిగొచ్చి అదే జాగలో కూర్చుంది. ఏడవలేదు, తిట్టలేదు. కనకవ్వ మెడ దిక్కు చూసింది.

"నీ మెడల తాళపుచెవి ఉన్నది. అంటె యాడనో తలుపున్నది. తలుపున్నదానివి, నా మీదికెందుకొస్తున్నవు బాయీ?"

కనకవ్వ తాళపుచెవిని రవికెలో దోపుకుంది. తర్వాత ఆమె జబ్బ పట్టి గుంజింది. ముసలిది షట్టర్ కొక్కెం పట్టుకుంది. ఇనుము గడగడలాడింది. జనం పోగయ్యారు. ఎవరూ విడదీయలేదు, ఫోన్లు తీశారు. వాళ్లలో సైకిల్ షాపు ఓనరు కూడా ఉన్నాడని కనకవ్వ చూసేసరికి ఆలస్యమైంది. కొంగు ముఖానికి కప్పుకొని గబగబా వెళ్లిపోయింది.

శనివారం హాస్టల్ వాకిట్లో కుర్చీలు వేశారు. షామియానా, సమోసాలు, నీళ్ల బాటిళ్లు. పెద్దసార్ మెత్తటి మనిషి. అందరికీ దండం పెట్టాడు. ముంతాజ్‌ను అడిగితే, "బహుత్ మంచిగున్నది సార్, దీపం ఆర్పి పంటున్న, ఎవల భయం లేదు" అని పుదీనా డబ్బా ఎత్తి చూపించింది. ఫోటో తీసుకున్నారు. సుధాకర్ మాత్రం ఇంకో మనిషి కోసం వెతుకుతున్నాడు. పొద్దున్నే కనకవ్వకు నేర్పి పెట్టాడు: మందులకు వోయిన అను, గంతే, ఎక్కువ మాట్లాడకు.

కనకవ్వ వచ్చి నిలబడగానే సార్ షట్టర్ ముందు గొడవ ఫోటో ఉన్న ఫోన్ ఆమె ముందు పెట్టాడు. "అమ్మా, ఇందులో ఉన్నది మీరేనా?"

"నేనే."

"మందులకు వోయింది సార్," అన్నాడు సుధాకర్ వెనక నుంచి.

"మందులకు గాదు. నా జాగ కాడికి వోయిన. రోజు వోత."

సుధాకర్ నుదురు కొట్టుకున్నాడు.

"మీకు ఇల్లుంది కదమ్మా ఇప్పుడు?"

"పదకొండు నెలలది ఉన్నది."

"అది రాసుకునే పద్ధతి. మళ్లీ పొడిగిస్తాం."

"పొడిగియ్యకపోతే?"

"అట్లా జరగదమ్మా."

"జరగదని రాసియ్యి."

సార్ నవ్వాడు. తర్వాత ఆమె నవ్వడం లేదని చూసి ఆపాడు. "అది నా ఒక్కడి చేతిలో లేదు," అన్నాడు. నిజమే చెప్పాడు. తహసీన్ చేతిలో లేదు, ఆయన చేతిలో లేదు. ఎవరి చేతిలో ఉందో ఆ షామియానా కింద ఎవరికీ తెలియదు.

కనకవ్వ అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. గొంతు లేచింది. ఓనరును తిట్టింది, ఫోటో తీసిన చేతులు విరగాలంది, సాంచాల సేటును తిట్టింది, ఎప్పుడో చచ్చిన మొగుణ్ణి కూడా తిట్టింది. చెయ్యి తగిలి సమోసాల పళ్లెం బోర్లా పడింది. మాట మాటకు అతకలేదు. ముంతాజ్ కొంగు పట్టి గుంజుతూ, "కూసోవే, నాది సుత పోతదే," అని ఏడుపు గొంతుతో అంది.

సార్ కోపం చేయలేదు. అదే భయం వేయాల్సిన విషయం. చాలా దయగా ఇట్లా అన్నాడు:

"మీ మనసు ఇక్కడ నిలవకపోవడానికి కారణం ఆ చోటు. అది ఉన్నంతకాలం మీ కాలు అటే లాగుతుంది. దాన్ని లేకుండా చేద్దాం. ఓనరు షట్టర్ ముందు గ్రిల్లు పెట్టిస్తానంటున్నాడు. సోమవారం పెట్టేస్తారు. ఇక అక్కడ ఎవరూ కూర్చోలేరు. మీరు మీ గదిలో హాయిగా ఉండండి. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. సరేనా?"

అందరి ముఖాలు వికసించాయి. తహసీన్ ఊపిరి వదిలింది. అర్ర మిగిలింది. కనకవ్వ కోరుకున్నది కూడా అదే. తల ఊపాలి, అంతే. ఊపలేదు.

"గాడ ఒక ముసల్ది ఉన్నది," అంది.

"ఆమె పేరు రాసుకుంటాం. ఇప్పుడు గదులు ఖాళీ లేవు."

"ఎప్పుడైతయి?"

"చూస్తాం."

సుధాకర్ ఆమె చెవిలో బుసకొట్టాడు. "గామె ఫికర్ గంత ఉంటె నీ అర్ర ఖాళీ చేసియ్యి మరి. గప్పుడు ఒకటి ఖాళీ అయితది."

కనకవ్వ తల దించుకుంది. తల ఊపిందని అందరూ అనుకున్నారు. చప్పట్లు కొట్టారు.

ఆదివారం ఆమె వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. ముంతాజ్ ఖీమా వండి గిన్నెలో తెచ్చింది. కనకవ్వ ముట్టలేదు.

"ఇగ నీ డ్యూటీ బంద్. నిమ్మలంగ ఉండు," అంది ముంతాజ్. "గా ముసల్దాని మూట రోడ్డు మీద ఇసిరింది నువ్వే గద. ఇప్పుడు గామెకోసం కడుపు మాడ్చుకుంటవా?"

"గామెకోసం ఎవలు మాడ్చుకుంటుండ్రు?"

"మరేంది?"

"నాకు ఇగ ఒక్కటే జాగ ఉన్నది. గది సుత నేనొక్కదాన్నే పట్టుకోవాలె. నువ్వు గోడవతలికి వోయినవు."

"గోడవతలనే ఉన్న గదనే పిచ్చిదానా, సముద్రం అవతల లేను."

"పిలిస్తె వస్తవా? శనివారం ఏమన్నవు? నాది సుత పోతది అన్నవు."

 ముంతాజ్ గిన్నె మీద మూత పెట్టి తన అర్రలోకి పోయింది. తలుపు వేసిన చప్పుడు వినబడింది. ఆమెను తప్పుపట్టడానికి లేదు. ఒక పరదా, ఒక మిషను, ఒక పుదీనా డబ్బా ఉన్న మనిషి భయపడక ఏం చేస్తుంది? ఒకే దుప్పటి పంచుకున్న ఇద్దరు మనుషులను ఆ పదకొండు నెలల కాగితం ఇట్లా చేసింది. రోడ్డు చేయలేని పని అది చేసింది.

సోమవారం కనకవ్వ పోయేసరికి ట్రాలీ ఆటోలోంచి గ్రిల్లు దించుతున్నారు. సూదిమొనల గ్రిల్లు. వెల్డింగ్ మనిషి వైరు విప్పుతున్నాడు. ఓనరు చేతులు నడుము మీద పెట్టుకొని నిలబడ్డాడు. ముసలిది షట్టర్‌కు అతుక్కుని కూర్చుంది.

"లెవ్వు ముసల్దానా, నిప్పురవ్వలు పడ్తయి మీద," అన్నాడు ఓనరు. "పంచాయితి లేకుంట పో. ఏమమ్మా," అని కనకవ్వను చూసి, "నీ మంచికే పెడ్తున్నమట గద గిది?" అని పళ్లికిలించాడు.

 కనకవ్వ గ్రిల్లును చూసింది. దాని వెనక ఇక ఎవరూ ఉండరు. తాను కూడా. రేపు అర్రలోంచి తోసేస్తే, కాలు పెట్టడానికి ఈ ఊళ్లో అంగుళం ఉండదు.  వంగి ముసలిదాని మూట ఎత్తుకుంది.

"మల్ల ఇసురుతవా?" ముసలిది రెండు చేతులా మూటను పట్టుకుంది.

"ఇసుర. నడువ్."

"యాడికి?"

"నోరు మూసుకొని నడువ్."

దారి పొడుగునా ముసలిది నోరు మూయలేదు. పేరు గంగుబాయి అంది. ఉట్నూర్ దిక్కు అంది. ముసలాయనను దవాఖానకు తెచ్చింది, ఆయన పోయాడు, ఆ అంగీ ఆయనదే. వెనక్కి ఎందుకు పోలేదు అంటే, గుడిసె వానలకు కూలింది, చేను మరిది దున్నుకుంటున్నాడు, పోతే వాడి పశువుల పాకలో పండాలె అంది. తర్వాత హఠాత్తుగా ఆగింది.

"నన్ను జూసి జాలి పడ్తున్నవా బాయీ?"

"నీకు జాలెందుకు? నాకు తోడు కావాలె."

"తోడెందుకు?"

"ఒక్కదానికి జాగ నిలువదు. గా మాట నీకు తెల్వదా?"

గంగుబాయి "తెలుసు," అంది. మళ్లీ నడవడం మొదలుపెట్టింది.

గేటు దగ్గర సుధాకర్ కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"ఎవలీమె? ఎవలీమె కనకవ్వా? చుట్టాలను తేవద్దని చెప్పిన్నా లేదా?"

"చుట్టం గాదు."

"మరి?"

"నా అర్రల ఉంటది."

"ఒక అర్రకు ఒక మనిషి! రూలు!"

"రూలు నువ్వు పట్టుకోని కూసో, నేను అర్ర పట్టుకోని కూసుంట." కనకవ్వ గంగుబాయిని ముందు మెట్లెక్కించింది. సుధాకర్ వెనకే ఎక్కాడు. అరుపులకు వరండాలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. ముంతాజ్ తలుపు కూడా తెరుచుకుంది, ఆమె గంగుబాయిని కింది నుంచి పైదాకా చూసింది, తలుపు వేసుకుంది.

"మొన్ననే సార్ మాటిచ్చిండు," సుధాకర్ గొంతు తగ్గించాడు. ఇప్పుడు బతిమాలుతున్నాడు. "నిన్ను ఎవలేం అనరు అన్నడు. ఇల్లు నిలవడ్డది. నీ చేతులార పోగొట్టుకుంటవా? నా నౌకరి సుత పోతది కనకవ్వా, నాకు సుత పిల్లలున్నరు."

అది కూడా నిజమే. పైవాళ్లు కింద ఉన్నవాళ్లందరినీ ఒకే తాటికి కట్టి పెట్టారు. ఒకరు కదిలితే అందరికీ ఉరి బిగుస్తుంది. కనకవ్వకు అతని మీద మొదటిసారి కోపం రాలేదు.

"ఫోన్ చెయ్," అంది. "నేనే మాట్లాడ్త."

సుధాకర్ తహసీన్‌కు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. ఆ పిల్ల విషయమంతా విన్నది.

"అవ్వా, ఎందుకిట్ల చేసినవు? నేనేం చెప్పాలె సార్‌కు?"

"చెప్పు బిడ్డా. గంగుబాయికి ఒక అర్ర దొరికిన్నాడు పోతది. దొరికేదాంక ఈడనే."

"దొరకకపోతే?"

"గా మాట సారునే అడుగు. నన్నడగకు."

"నిన్ను సుత ఖాళీ చెయ్యమంటరవ్వా."

"చెయ్యమననీ. మొన్నటి లెక్క ఒక్కదాన్ని గాదు. ఒకలు బయటికి వోతే ఒకలు లోపలుంటం. ఎప్పుడొచ్చినా తలుపుకాడ మనిషుంటది."

ముంతాజ్ తలుపు మళ్లీ తెరుచుకుంది. చాప ఒకటి వరండాలోకి జారుతూ వచ్చి గంగుబాయి కాళ్ల దగ్గర ఆగింది.

"ఎవలన్న అడిగితే నేనియ్యలే," అంది లోపలి నుంచి గొంతు. "చెప్పులు ఇడిసి పొమ్మను."

గంగుబాయి చెప్పుల్లేని తన కాళ్లను చూసుకుంది. చాప చంకన పెట్టుకొని అర్రలోకి పోయి, అక్కడంతా ఒకసారి కలియజూసి, పరుపు పక్కన కాదు, సరిగ్గా తలుపుకు అడ్డంగా పరుచుకొని కాళ్లు చాపింది.

"గాడ గాదు, లోపలికి జరుగు!" కనకవ్వ అరిచింది. "నేనెట్ల రావాలె?"

"దాటి రా బాయీ. నాకు తలుపు కాడనే నిద్ర వడ్తది."

"ఇది నా అర్రనే!"

"నాదంటున్ననా?"

ఫోన్‌లో తహసీన్ ఇంకా ఉంది. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో సుధాకర్‌కు తెలియలేదు. కింద గేటు దగ్గర ఏదో బండి ఆగిన చప్పుడైంది. సార్ మనుషులేనేమో అని వరండాలో వాళ్లంతా రెయిలింగ్ దగ్గరికి ఉరికారు. కనకవ్వ ఉరకలేదు. కొంగు నడుముకు చెక్కుకొని, గంగుబాయి కాళ్లను దాటి, గడపలో బయటి దిక్కు తిరిగి నిలబడింది.